మమ్మల్ని పిలవని ఒట్టు

ఒట్టు పెట్టడానికి మా చేపలు పట్టేవాళ్ల సంఘంలో ఒక వల వేరే ఉంటుంది. దానితో ఎవరూ చేపలు పట్టరు. చెరువు దగ్గర పంపకాల్లో తగాదా వచ్చినా, ఎవరికైనా గట్టి మాట ఇవ్వాల్సి వచ్చినా సంఘం గదిలో మేకుకు తగిలించి ఉన్న ఆ వలను దించి నేల మీద పరుస్తారు. ఇంటికొక మగవాడు వచ్చి దాని మీద చెయ్యి పెడతాడు. మాట తప్పితే వల ఖాళీగా తేలుతుందనీ, ఆ ఇంటి పిల్లలకు కీడు తగులుతుందనీ మావాళ్ల నమ్మకం. కోడలిగా వచ్చిన కొత్తలో ఆ గది ఊడుస్తూ నేను వల దులపబోతే మా అత్త పరుగున వచ్చి చెయ్యి పట్టి లాగింది. "దూరమున్నవా ఏంది? దూరమున్నోళ్లు దాని నీడ గూడ తొక్కొద్దు" అంది. నెలసరి రోజుల్ని మా వైపు అలాగే అంటారు. నేను ఆ రోజుల్లో లేనని చెప్పినా, ఎందుకైనా మంచిదని చీపురు కూడా లాక్కుంది.

ఈసారి ఎమ్మెల్యే ఎన్నికల్లో ఆ వలను దించింది చెరువు కోసం కాదు, మా ఓట్ల కోసం. పెద్ద పార్టీ తరఫున నిలబడ్డాయనది భూములున్న కుటుంబం. ఇప్పుడు ఆ భూముల్లోనే ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. సంఘానికి స్లాబు వేసిన హాలు కట్టిస్తానన్నాడు, వంటగదితో సహా. మా పెద్దమనుషులు మురిసిపోయారు. మా ఇంటి తరఫున మరిది పోయి చెయ్యి పెట్టి వచ్చాడు. మా ఆయన గాజులరామారం వైపు ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ, ఇలాంటివాటికి దొరకడు.

"ఒట్టు వెట్టొచ్చిన. మనింట్ల ఓట్లన్నీ గాయనకే" అన్నాడు మరిది, పులుసు కలుపుకుంటూ.

"నా ఓటు నీ జేబుల ఎప్పుడు వెట్టిన మరిదీ?"

"సంఘం మాట వదినా. ఇంటికొక మొగోడు వెడితె ఇల్లంత వెట్టినట్టే."

అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదేనేమో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త తల వంచుకుని తింటోంది. నా యారాలు, అంటే మరిది భార్య, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఆమె ఎందుకు తినడం లేదో అప్పటికి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

నేను అప్పటికే వకీలమ్మ వెంట తిరుగుతున్నాను. ఆవిడ తూంకుంటలో ఉంటుంది. నేను పొద్దున్నే చేపల తట్ట దించే చోటు ఆవిడ ఇంటి సందు మొదట్లోనే. బొచ్చె చేప అంటే పడి చస్తుంది గానీ శుభ్రం చేయడం రాదు, అలా పరిచయం. ఆవిడ వరండాలో ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి కూర్చుని ఉండేది. దెబ్బలు తిన్న వాళ్లు, ఇంట్లోంచి గెంటేసిన వాళ్లు, ఆడపిల్లని స్కానింగులో చెప్పించుకుని కడుపు తీయించుకొమ్మంటే పారిపోయి వచ్చినవాళ్లు, వద్దు మొర్రో అన్నా వరసగా కానుపులు మోస్తున్నవాళ్లు. ఏ పెద్ద పార్టీ ఆవిడకు టికెట్ ఇవ్వలేదు. సొంతంగా నిలబడింది. మైకు పట్టుకుని బజార్లో నిలబడి ఆవిడ చెప్పే మాటలకు మగవాళ్లు దగ్గేవాళ్లు, ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే నిలబడేవాళ్లు.

"కనాలా వద్దా అన్నది కనే మనిషి చెప్పాలె. చట్టంల గదే ఉన్నది. పద్దెనిమిదేండ్లు నిండిన ఆడదానికి ఆమె సంతకం ఒక్కటి సాలు, మొగోని సంతకం అక్కరలేదు. గని దవాఖానల పోతె ఏమంటున్నరు? మీ ఆయన్ని తీస్కరా అంటున్నరు. నన్ను గెలిపియ్యుండ్రి. గీ మాట ప్రతి సర్కారు దవాఖాన గోడ మీద రాయిస్త. వారానికొకసారి కాదు, దినాం లేడీ డాక్టరు ఉండేటట్టు జేస్త. చెయ్యకుంటె అసెంబ్లీల లొల్లి వెడత."

నాకు ఆ మాటలు బాగుండేవి. నిజం చెప్పాలంటే, అవి మా ఇంటి గడపలోకే వస్తాయని అనుకోలేదు.

మరిది ఒట్టు పెట్టి వచ్చిన రోజు పొద్దునే, చేపల పొలుసు తీస్తూ యారాలు కత్తిపీట వదిలేసి గోడ వెనక్కి పరుగెత్తింది. చేపల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, నీచు వాసనకు ఎన్నడూ ముక్కు మూసుకోలేదు. తిరిగి వచ్చి మూతి తుడుచుకుంటూ నా వైపు చూసింది. నెల తప్పిందని నాకు తెలిసిపోయింది.

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. రెండో కానుపులో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. నగరంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే కొన్నాళ్లపాటు మమ్మల్ని గుర్తుపట్టలేదు. బిడ్డను పక్కన పడుకోబెడితే ఎవరి బిడ్డ అని అడిగింది. అక్కడి డాక్టరమ్మ మరిదిని నిలబెట్టి, ఇంకో కానుపు ఈమె తట్టుకోదు, ప్రాణం మీదికి వస్తుంది అని చెప్పింది. అప్పుడే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేస్తామంటే మరిది తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత బోనాలు అయ్యాక అన్నాడు, దసరా అయ్యాక అన్నాడు. కొడుకు కావాలని నోరు విప్పి అనలేదు గానీ ఆ ఇంట్లో అది అందరికీ తెలుసు. అత్త మొక్కని దేవుడు లేడు.

యారాలు నోట్లో నాలుక లేని పిల్ల. గట్టిగా తుమ్మినా ఎవరేమనుకుంటారో అనుకునేది. ఆ రోజు నా పక్కన చేరి, పొలుసు తీసిన చేపనే మళ్లీ మళ్లీ గీకింది. ఆఖరికి, "అక్కా, నాకు బత్కాలని ఉన్నది" అంది.

తట్ట అక్కడే వదిలేసి ఆటో ఎక్కించాను.

మేడ్చల్ వైపు ఒక సర్కారు దవాఖాన. పేరెందుకులెండి. కౌంటరు దగ్గర ఉన్న సిస్టరు పాత చీటీలన్నీ చూసింది, బీపీ చూసింది, ముఖం చిట్లించింది. నెలలు ఎక్కువ కాలేదు కాబట్టి తీయొచ్చు, తీయించుకోవడమే మంచిది అంది. ఆ మాటకు యారాలి భుజాలు కొంచెం దిగాయి.

"మీ ఆయన రాలే?"

"రాలే సిస్టర్."

"ఆయన సంతకం గావాలె."

నేను అందుకున్నాను. చట్టంలో అక్కరలేదట కదా అన్నాను. వకీలమ్మ దగ్గర విన్నదంతా అప్పజెప్పాను. "రూలు నీకెరుకనా, నాకెరుకనా?" అంది సిస్టరు. ఈ పనికి లేడీ డాక్టరు వారంలో ఒక్కరోజే వస్తుందట. ఆ రోజుకు ఆమె వెళ్లిపోయింది. "వచ్చే వారం రాండ్రి. ఆయన్ని తీస్కొని రాండ్రి." చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ. మేము తిరిగొచ్చాం.

మర్నాడు మరిదికి చెప్పక తప్పలేదు. అన్నం పెట్టి, నీళ్లు పెట్టి, యారాలే చెప్పింది. అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది, దెబ్బలాడేదాన్ని. నవ్వాడు.

"డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు. ఏం గాదు. ఈసారి కొడుకే."

"సంతకం వెట్టరాదు" అంది యారాలు.

"ఏం గాదంటున్న గద."

అంతే. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలాలంటే నాకు భయంగా ఉండేది. ఒక మధ్యాహ్నం బియ్యం తీయబోతే డబ్బాలో కడుపు పోగొట్టే మాత్రల పట్టీ చేతికి తగిలింది. ఎవరో చెబితే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుందట. ఆ బీపీతో, ఆ ఒంటితో, ఎవరికీ చెప్పకుండా మింగి, రక్తం ఆగకపోతే? పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఏం చూసేవాళ్లు? ఆ పట్టీ తీసుకుపోయి మోరీలో పడేశాను. తిట్టాను. నోటికొచ్చినట్టల్లా తిట్టాను.

"గాయన సంతకం వెట్టకుంటె నేనేం జెయ్యాలె అక్కా?" అంది. "కడుపు పెరుగుడు ఆగుతదా?"

మళ్లీ అవే మాత్రలు తెచ్చుకుంటుందని ఇద్దరికీ తెలుసు. వచ్చే వారం దాకా ఆగమని బతిమాలి, తూంకుంట పోయాను.

వకీలమ్మ ప్రచారం ఆటో దిగి నీళ్లు తాగుతోంది. పక్కన ఆవిడ తమ్ముడు, ప్రచారం అంతా అతనే చూసుకునేవాడు. నేను సంగతంతా చెప్పాను. ఆవిడ వింటూ సీసా మూత పెట్టడం మరిచిపోయింది.

"డాక్టర్ ఎప్పుడొస్తది?"

చెప్పాను. పోలింగు రోజే, ఆవిడ ఏజెంటుగా నేను బూతులో కూర్చోవాల్సిన రోజు.

"అక్కా, పోలింగ్ నాడు నువ్వు దవాఖానల కనబడితె ఇగ అయిపాయె" అన్నాడు తమ్ముడు. "కడుపులు తీపిచ్చే కాండిడేట్ అని పొద్దు గూకేలోపు ఫోన్లన్నిట్ల తిప్పుతరు."

ఆవిడ సీసా మూత బిగిస్తూ రోడ్డు వైపు చూసింది. నాకు మండింది. "మైకుల చెప్పుడు అల్కగనే ఉంటది మేడం" అన్నాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేనొస్తె నా ఓట్లు పోవుడు తర్వాత, ఆ పిల్ల కడుపు సంగతి ఊరంతా వార్తయితది" అంది. "నువ్వు ఆమెతోని ఉండు. బూతుల నీ జాగల వేరేటోళ్లను గూసోవెడత. వాళ్లు మొండికేస్తె ఫోన్ చెయ్యి, నేను మాట్లాడత. సంతకం అక్కరలేదు. గీ ఒక్క మాట ఇడవకుండ్రి."

ఆ మాటల్లో సగం నిజం, సగం భయం. ఏది ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఒకటి మాత్రం కలిసొచ్చేలా కనిపించింది. పోలింగు రోజు మగవాళ్లంతా బూతు దగ్గరే ఉంటారు. మరిది అయితే పొద్దున పోయి సాయంత్రం దాకా రాడు. మేము ఎటు పోయామో చూసేవాళ్లుండరు. ఆ ఒక్క రోజు కోసం చూస్తూ కూర్చున్నాం.

పోలింగుకు ముందు రోజు మధ్యాహ్నం సంఘం నుంచి కబురు వచ్చింది. ఆడవాళ్లందరూ రావాలట. ఎన్నడూ లేనిది ఆడవాళ్లను పిలిచారంటేనే నాకు సంగతి అర్థమైంది. గదిలో వల పరిచి ఉంది. గోడ వెంబడి మగవాళ్లు, వాకిలి దగ్గర మేము. సంఘం పెద్ద మా మామగారికి వరసకు తమ్ముడు. కోడళ్లం అందరం ఆయన్ను మామా అనే పిలుస్తాం. చెడ్డవాడేం కాదు, మాట పోతుందంటే మాత్రం మనిషి మారిపోతాడు.

"ఆడోళ్లు వేరే గుర్తుకేస్తరని తెలిసింది. మీ మొగోళ్లు ఒట్టు వెట్టిన్రు. యాదిల ఉన్నదా?"

నేను ఏం అందామా అని వెతుక్కుంటుంటే, వెనక నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఒట్టు వెట్టిననాడు మమ్ముల పిల్వలే గద మామా."

అందరం వెనక్కి తిరిగాం. యారాలు. నా చెవులను నేనే నమ్మలేదు.

"పిల్వకుంటె?"

"మమ్ముల పిల్వని ఒట్టు మాదెట్లయితది?"

మగవాళ్లలో గుసగుసలు లేచాయి. మరిది నేల చూపులు చూస్తున్నాడు. పెద్ద తెలివైనవాడు, క్షణం ఆలోచించి తల ఊపాడు. "నిజమే బిడ్డా. అప్పుడు పిల్వలే. ఇప్పుడు పిలిచినం గద. రాండ్రి, ఒక్కొక్కలు చెయ్యి వెట్టుండ్రి."

ఇంతసేపూ ఆ ఒట్టు మగవాళ్లది. ఇప్పుడు చెయ్యి పెడితే మాది. వకీలమ్మ వెంట ఊరంతా తిరిగినదాన్నే, నోరున్నదాన్నే, కానీ ఆ వలంటే నాకు భయం. నాకూ పిల్లలున్నారు. చెయ్యి పెట్టి మాట తప్పే ధైర్యం నాకు లేదు, అక్కడున్న ఎవరికీ లేదు. పెద్దకు ఆ సంగతి తెలుసు. వలకు దగ్గరగా నేనే ఉన్నాను కాబట్టి ముందు నా వైపే చూశాడు.

"నేను దూరమున్న మామా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట. అని, వల నీడ తగలకుండా రెండడుగులు వెనక్కి వేశాను.

ఆయనేమంటాడు? మగాడు అడిగే సంగతి కాదు. నా పక్కనామె వైపు తిరిగాడు. "నేను గూడ" అందామె. ఆ పక్కనామె కూడా. ఆయన సొంత కోడలు కూడా కొంగు సర్దుకుని, "నాకు పొద్దుగాల్నే అయింది" అంది. ఒకరి తర్వాత ఒకరు వెనక్కి జరిగారు. వాకిలి దాటి బయట నిలబడ్డారు. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవడి పెళ్లాం మాట అబద్ధమో వాడికి తెలుసు, కానీ నలుగురిలో ఎలా చెబుతాడు?

మా అత్త వంతు వచ్చింది. అరవై దాటిన మనిషి. మోకాళ్లు పట్టుకుని లేచి, "నేను దూరమున్న" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు.

"వదినే, నీ వయసేంది, నువ్వు చెప్పేదేంది?" అన్నాడు పెద్ద.

"నా ఒంటి సంగతి నాకెరుకనా, నీకెరుకనా?"

బయట ఆడవాళ్ల నవ్వు ఆగలేదు. నేనూ నవ్వాను. మనవడి కోసం కనిపించిన రాయికల్లా మొక్కిన మనిషి ఆ మాట ఎందుకు అందో నాకు అర్థం కాలేదు. అడిగితే ఇప్పటికీ చెప్పదు.

నవ్వు ఒక్కసారిగా చచ్చింది. గదిలో యారాలు ఒక్కతే మిగిలింది. మరిది వల పక్కనే ఉన్నాడు. ఆమె దూరమున్నానని అంటే అతను అబద్ధమని అనగలడు, కడుపుతో ఉందని నలుగురికీ చెప్పగలడు. ఆ ఒక్క అబద్ధం బయటపడితే మా అందరి అబద్ధమూ బయటపడుతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. కడుపు తీయించుకోబోతోందని అనుమానపడితే రేపు మమ్మల్ని గడప దాటనివ్వడు. లోపలికి పోయి చెయ్యి పట్టి లాక్కొద్దామనుకున్నాను. గడప మీద కాలు పెట్టాను.

ఆమె వల దగ్గరికి నడిచింది.

"నేను దూరం లేను. కడుపుతోని ఉన్న" అంది. "చెయ్యి వెడత మామా. గని ముందుగాల గాయన వెట్టాలె."

"వాడు వెట్టిండు గద."

"అది ఓట్లకు. ఇది వేరే." మొగుడి వైపు తిరిగింది. నలుగురిలో అతని ముఖం చూసి ఆమె మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. "చిన్నదాని కాన్పుల నేను సచ్చి బత్కిన. ఇంకో కాన్పు అయితె బత్కదని డాక్టరమ్మ నీకే చెప్పింది. సంతకం వెట్టమంటె నువ్వు ఏం గాదంటవ్. గా మాట వల మీద చెయ్యి వెట్టి అను. నాకేం గాదని అను. నువ్వు వెడితె నేను గూడ వెడత. నువ్వు చెప్పిన గుర్తుకే ఏస్త, నువ్వు చెప్పినట్టే కంట."

ఆ వల మీద అబద్ధం ఆడితే కీడు పిల్లలకు. ఆ ఇద్దరు ఆడపిల్లలూ అప్పుడు సంఘం గోడ అవతలే ఆడుకుంటున్నారు, వాళ్ల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. మరిది కిందికి వంగాడు. చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వల దాకా పోలేదు. అలాగే వంగి ఉండిపోయాడు, చూసే నాకే నడుము నొప్పి పుట్టింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

పెద్ద తనే వల చుట్టి మేకుకు తగిలించాడు. మమ్మల్ని పొమ్మని ఎవరూ అనలేదు. మేమే వచ్చేశాం.

ఆ రాత్రి మరిది ఇంట్లో పడుకోలేదు. పొద్దున్నే బూతు దగ్గర ఉన్నాడని తెలిసింది. అత్తకు పిల్లల్ని అప్పజెప్పి, ఏ మాటా చెప్పకుండా మేమిద్దరం ఆటో ఎక్కాం. అత్త కూడా ఏమీ అడగలేదు.

దవాఖానలో జనం పలచగా ఉన్నారు. అదే సిస్టరు. "ఆయన ఏడీ?" అంది. నేను వకీలమ్మకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. పోలింగు రోజు ఎవరు ఎత్తుతారు? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సిస్టరును పట్టుకుని వాదించాను. ఆమె కూడా అరిచింది. "నాకేమన్న సరదానా? సంతకం లేకుండ చేసినమని ఒకసారి ఒకామె మొగుడొచ్చి మా మీదికి కుర్చీ ఎత్తిండు. అప్పుడు నువ్వొచ్చినవా, మీ వకీలమ్మ వచ్చిందా?" నేను కౌంటరు మీద నుంచి చెయ్యి తీసేశాను. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకానే ఉంటుందట. గోడ గడియారం వైపు చూడాలంటేనే నాకు భయమేసింది.

అప్పుడే మరిది వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుని ఉంది. "అవ్వ తోలింది" అన్నాడు నాతో. వాళ్ల అమ్మను అతను అవ్వ అనే పిలుస్తాడు. "పోయి సంతకం వెట్టి రా, లేకుంటె నా ఇంట్లకు రాకు అన్నది."

నేను బెంచీ మీద కూలబడ్డాను. హమ్మయ్య అనుకున్నాను. సిస్టరు కూడా తేలికపడి కాగితం అతని వైపు తోసింది. అతను పెన్ను అందుకోబోయాడు.

"నేను వెడత" అంది యారాలు.

"ఆయన వచ్చిండు గదమ్మా. ఇగ ఏంది లొల్లి?" అంది సిస్టరు.

"ఆయన రాకుంటె ఎనుకకు తోలుతుంటిరి గద. వచ్చే వారం ఇంకొకామె వస్తది. ఆమె మొగుడు రాకపోతె?" పెన్ను లాక్కుంది. "నా ఒళ్లు. నా సంతకం తీస్కోండ్రి."

నాకు ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. కాదనుకున్న పని దానంతటది కాళ్ల దగ్గరికి వస్తే తన్నేస్తుందా? ఎవరి సంతకమైతే ఏంది, డాక్టరు పోతే మళ్లీ వారం, ఆ వారంలో ఏమైనా అయితే? "పెట్టనియ్యే, జల్ది కానియ్యే" అని గొణిగాను. ఆమె నా వైపు చూడలేదు. నిన్నటిదాకా నోరు లేని పిల్ల, కౌంటరు చెక్కను పట్టుకుని అక్కడే నిలబడింది. మరిది ఒక మూలకు జరిగి నిలబడ్డాడు. సిస్టరు కాగితం ఇవ్వదు, ఈమె పెన్ను ఇవ్వదు. వెనక వరసలో ఉన్న వాళ్లు గొణుగుతున్నారు.

గొడవ విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. చిన్న వయసే, బాగా అలసిపోయి ఉంది. సంగతి విని, పాత చీటీలు చూసి, "ఇంతసేపు బయట ఎందుకు నిలబెట్టారు ఈమెను?" అంది. సిస్టరు మొగుడి సంతకం అంది. "నేనెప్పుడడిగాను? ఆమె సంతకం చాలు. తీసుకోండి."

యారాలు అయిదో తరగతి దాకా చదివింది. పేరు నెమ్మదిగా రాస్తుంది. ఆ రోజు ఇంకా నెమ్మదిగా రాసింది.

మధ్యాహ్నం దాటాక బయటికి తెచ్చారు. ముఖం పాలిపోయింది, కానీ కళ్లు నిలకడగా ఉన్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నేనే, ఏడవడం అంటే చిరాకుపడేదాన్నే. మరిది ఆటో తీసుకొచ్చాడు. ఇంటికి పోగానే పడుకోమంటే, ఇంకా బూతు మూయలేదు కదా అంది. ఎంత చెప్పినా వినలేదు. బూతు దగ్గర ముసలివాళ్ల కోసం వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, వరస ముందుకు పంపించారు. బయట నిలబడ్డ పెద్ద మమ్మల్ని చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

వకీలమ్మ ఓడిపోయింది. కొంచెం తేడాతో కాదు, బాగా ఓడింది. మా బూతులో మాత్రం ఆవిడకే ఎక్కువ వచ్చాయని విన్నాం. పెద్ద పార్టీ ఆయన గెలిచాడు. హాలు ఇంకా కట్టలేదు. కొన్ని రోజులకు ఆవిడ నా తట్ట దగ్గరికి వచ్చింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదని నేను దులిపేశాను. తప్పయిందంది. యారాలు ఎలా ఉందని అడిగింది. బాగుందని, పిల్లల్ని బడికి పంపి నాతో పాటే చేపలకు వస్తోందని చెప్పాను. మరిది వద్దన్నా వినకుండా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేయించుకుందని చెప్పాను. అది విని ఆవిడ కళ్లు తుడుచుకుంది.

దవాఖాన గోడ మీద ఎవరూ ఏమీ రాయలేదు. రాయించాల్సిన మనిషి ఓడిపోయింది కదా. మొగుణ్ణి తీసుకురమ్మని ఇప్పటికీ అంటున్నారు. సంగతి ఎలా పాకిందో గానీ, ఇప్పుడు ఆడవాళ్లు మా తట్టను వెతుక్కుంటూ వస్తారు. సుచిత్ర చౌరస్తా నుంచి ఒకామె, పక్క ఊరి నుంచి కూలి పని చేసుకునే ఇంకొకామె. చేపలు బేరం చేస్తున్నట్టు కూర్చుని, పక్కనెవరూ లేరని చూసుకుని, మెల్లగా అడుగుతారు. యారాలు లేచి, చేతులు కడుక్కుని, కొంగు దులుపుకుని వాళ్ల వెంట ఆటో ఎక్కుతుంది. ఆ కౌంటరు ముందు నిలబడుతుంది. వచ్చినామె తన సంతకం పెట్టేదాకా కదలదు. ఒక్కోసారి పని అయి వస్తుంది, ఒక్కోసారి డాక్టరు లేదని తిరిగి వస్తుంది.

పోయిన వారం అలా పోయి సాయంత్రానికి వచ్చింది. తట్టలో ఐసు కరిగిపోయి రవ్వ చేపలు మెత్తబడ్డాయి. నేను సణుగుతుంటే, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి అంది:

"వచ్చే సారన్న వకీలమ్మను గెలిపియ్యాలె అక్కా. గిట్లయితె నేను చేపలెప్పుడమ్మాలె?"